మేడమ్ అడిగిన పువ్వు

కువైట్, షర్క్‌లో ఒక ఫ్లాటు, ఆరో అంతస్తు. వంటింటి వెనక తలుపు దగ్గర. శుక్రవారం మధ్యాహ్నం.

"అది కాదండి సత్యదుర్గ గారూ, ముందీ కుండీ కింద పెట్టనివ్వండి. ఆరంతస్తులూ మెట్ల మీద మోసుకొచ్చాను. లిఫ్టులో మట్టి పడుద్దని కింద కాపలా ఉండే హారిస్ ఎక్కనివ్వలేదు."

"పెట్టండి, ఎవరొద్దన్నారు? ఇంతకీ ఏటిది కుక్కుటేశ్వరరావు గారూ? ప్రతి శుక్రవారం ఒక్కటంటే ఒక్క కార్నేషన్ పువ్వు, తడి కాగితంలో చుట్టి, పురిటిబిడ్డని తెచ్చినట్టు తెచ్చేవారు. ఇవాళ ఏకంగా వనమే పట్టుకొచ్చేశారు."

"ఐవీ అండి."

"ఏదీ?"

"ఐవీ తీగండి. మేడమ్ మొట్టమొదట అడిగింది ఇదే కదా."

"ఓహో! ఎనిమిది వారాల కింద అడిగింది ఇవాళ దిగిందన్నమాట. వఫ్రాలో మీ ఫారం నుంచి నడిచొచ్చిందా పాపం?"

"ఎటకారం తర్వాత చేద్దురు గానండి. మేడమ్ వేసిన మీ బొమ్మ ఏ గదిలో ఉంది?"

"బొమ్మతో మీకేం పని?"

"మార్పించాలండి. అందులో మీ చేతిలో ఉన్న ఆ పువ్వు గీకించేసి, ఈ తీగ వేయించాలి."

"గీకించేస్తారా! దోసపాదుకి పట్టిన పురుగనుకున్నారా, గీకి పారేయడానికి? రోజుకి మూడు గంటలు, కదలకుండా కుర్చీలో కూర్చోబెట్టిందండి ఆవిడ నన్ను. మెడ పట్టేసి పక్కకి తిరగలేక, వారం రోజులు సింకుకి ఎదురుగా నిలబడి సింకుతోనే మాట్లాడాను."

"మెల్లగా అండి. మేడమ్ వింటుంది."

"పోలండ్ ఆవిడకి తెలుగెప్పుడొచ్చింది?"

"రాదనుకోండి. అయినా గొంతు బట్టి కనిపెట్టేస్తారండి తెల్లోళ్ళు."

"మీ గొంతులో కనిపెట్టడానికేముంది? అసలు సంగతి చెప్పండి. ఇన్నాళ్ళూ లేని భక్తి ఇవాళ ఈ తీగ మీద ఎందుకొచ్చింది?"

"మీరే కదండి ఫోన్లో చెప్పారు, ఆదివారం బొమ్మ ఎగ్జిబిషన్‌లో పెడుతున్నారని."

"చెప్పాను. పెడుతున్నారు."

"ఎక్కడండి? ఇక్కడే, షర్క్‌లోనేనా?"

"ఎక్కడ పెడితే మీకేం? మీరేమన్నా టిక్కెట్లు చింపాలా?"

"అది కాదండీ. మనవాళ్ళు ఎవరో ఒకరు వస్తారు. ఫోటో తీస్తారు. ఆ ఫోటో సాయంత్రానికల్లా అమలాపురం చేరుద్ది. మీ అత్తగారు చూస్తారు, మీ బావగారు చూస్తారు..."

"చూడనివ్వండి. ఏం, బొమ్మలో నేనంత అనాకారిగా ఉన్నానా?"

"అబ్బెబ్బే! బాగున్నారండి. చాలా... బాగుందండి బొమ్మ."

"మరి?"

"పువ్వండి. ఆ పువ్వు రంగు మీ చీరకి నప్పలేదు."

"తెల్ల చీరకి ఎర్ర పువ్వు నప్పలేదా?"

"నప్పలేదండి."

"ఎనిమిది వారాలు ఆ ఎర్రదే తెచ్చారు కదండీ, కళ్ళు ఇవాళ తెరుచుకున్నాయా? ఇంకో కారణం చెప్పండి. ఇది మేడమ్ పిల్లికి చెప్పినా నమ్మదు."

"మరి... ఆ పుస్తకం ఉంది కదండి, మేడమ్ దగ్గర. లావుపాటిది."

"పోలండ్ వాళ్ళ పాత బొమ్మలది. దాని దుమ్ము దులిపేది నేనే. అయితే ఏంటి?"

"అందులో మొక్కలకి అర్థాలుంటాయండి."

"అలాగా! నాకేం తెలుసు, గిన్నెలు తోముకునేదాన్ని. మీరు చెప్పండి, తెలుసుకుంటాను."

"జనవరిలో మేడమ్ మా ఫారంకి వచ్చి గ్రీన్‌హౌస్‌లో కూర్చుని బొమ్మలేసుకుంది చూడండి, మీరు ఫ్లాస్కు పట్టుకొచ్చారు, ఆ రోజు చూపించింది. పూర్వం వాళ్ళ జమీందార్లు ఉండేవారటండి. ఇంతింత మీసాలు, నడుముకి పట్టుగుడ్డ, అందులో కత్తి."

"పొట్ట మాత్రం ఆ పట్టుగుడ్డకి లొంగదు. చూశాను."

"ఆళ్ళింటి ఆడవాళ్ళు బొమ్మ వేయించుకుంటే చేతిలోనో తలలోనో ఏదో ఒక మొక్క పెట్టేవారటండి. అది చూస్తే ఆవిడెవరో, ఏ స్థితిలో ఉందో తెలిసిపోయేదట. సదాపాకు దండ తలలో ఉంటే పెళ్ళికాని పిల్ల."

"ఆఁ."

"లిల్లీ ఉంటే ఏ మచ్చా లేని మనిషి. గసగసాల పువ్వు అయితే నిద్ర, లేదంటే చావు. రోజ్‌మేరీ అయితే మర్చిపోవద్దని."

"అబ్బో, దోసకాయలు కోసుకునే మనిషికి ఎంత జ్ఞాపకశక్తో! మరి ఐవీ?"

"ఐవీ అంటే... మొగుడు పోయినా ఆయన్నే పట్టుకునున్న మనిషి. తీగ కదండి, ఎండిపోయిన చెట్టుని కూడా వదలదట. అందుకే మేడమ్ మీ బొమ్మకి అదే కావాలంది."

"మా ఆయన చెట్టు కాదండి, మనిషి. మంచి మనిషి. పోయారు, పదకొండేళ్ళయింది. పోయినాయన్ని పట్టుకుని నేను వేలాడుతుంటే ఈ ఇంట్లో నేల ఎవరు తుడుస్తున్నట్టు? సరే, ఆవిడకేం తెలుసు. మరి కార్నేషన్ అంటే ఏంటట?"

"మర్చిపోయానండి."

"ఏంటీ?"

"అదొక్కటి మర్చిపోయానండి. ఎండలో పని కదా, బుర్ర..."

"ఆహా! సదాపాకు గుర్తుంది, గసగసాలు గుర్తున్నాయి, మీసాలు కూడా గుర్తున్నాయి. రెండు నెలలు చేత్తో పెంచి, చేత్తో కోసి, చేత్తో తెచ్చిన పువ్వు సంగతి మాత్రం ఎండ తినేసింది. పోనీలెండి, మేడమ్‌ని అడిగొస్తాను."

"వద్దండీ! వద్దు! సత్యదుర్గ గారూ, వద్దంటే... అయ్యో, వెళ్ళిపోయారే!"

"...అడిగొచ్చాను."

"ఏమందండి?"

"పెళ్ళి కుదిరిన మనిషి చేతిలో పెడతారంది. మీకు ఫారంలోనే చెప్పిందట. బొమ్మ మీద వేలు పెట్టి చూపించి మరీ చెప్పిందట. మీరు తలకాయ మూడుసార్లు ఊపారట."

"మూడుసార్లు కూడా లెక్కపెట్టిందా ఆవిడ!"

"బొమ్మలేసేవాళ్ళు కదండీ, అన్నీ గమనిస్తారు. అయితే తెలిసే తెచ్చారన్నమాట."

"లేదండీ, మేడమ్ అడిగిన వారం ఐవీ మాడిపోయిందండి. ఎండకి. అదొక్కటే నిజం."

"ఫిబ్రవరిలో."

"ఆయ్."

"కువైట్ మొత్తం స్వెట్టర్లు వేసుకుని తిరుగుతుంటే మీ ఒక్క కుండీ మీద ఎండ కాసింది."

"గ్రీన్‌హౌస్ కదండి, లోపల వేడి..."

"మరి మాడిపోయిన తీగ ఇంత గుబురుగా ఉందేంటండీ? ఇదిగో, కుండీ అంచుకి నీలం దారం. ఆ రోజు మేడమ్ 'ఇది నాది' అని తన స్కార్ఫులోంచి పోగు లాగి కట్టింది. ముడి వేసింది నేనే. ఏడుకొండలవాడు మళ్ళీ ప్రాణం పోశాడా దీనికి?"

"మాడలేదండి. రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను. దోసపాదుల వెనక దాచాను."

"ఆ కార్నేషన్లు?"

"అవీ దోసపాదుల వెనకేనండి. ఒక వరస. మేడమ్ మళ్ళీ వస్తానందని మా ఫారం మేనేజరు, ముదీర్, వాటిని వేయించాడు..."

"మీ ముదీరా!"

"ఆయ్."

"ఆయన చాలా మంచివాడండి. పువ్వులు వేయిస్తాడు. మార్చిలో నాకు గోంగూర పంపాడు. తర్వాత కరివేపాకు. మొన్న లేత ఆనపకాయ. ప్రతిసారీ 'మా ముదీర్ పంపించారండి' అని మీరే కదా ఇచ్చారు? నాకో అనుమానం, ఈజిప్టు ఆయనకి గోంగూర ఎలా తెలిసిందండీ?"

"తెలిసిందండి. ఎవరో చెప్పుంటారు."

"నాకు గోంగూర ఇష్టమని కూడా ఎవరో చెప్పుంటారు. ఒకసారి ఆయన్ని భోజనానికి పిలుస్తాను. గోంగూర పప్పు పెట్టి, చేతులెత్తి దణ్ణం పెడతాను. నంబరివ్వండి."

"వద్దండి! ఆయనకి మీరున్నట్టే తెలీదు."

"మరి ఎవరు పంపారు?"

"ముదీరే అనుకోండి."

"కుక్కుటేశ్వరరావు గారూ, ఈ దేశంలో మనం ఏది చేసినా వీసా ఇచ్చిన కఫీల్ చెప్పాడు, ముదీర్ చెప్పాడు, ఇంటి యజమానురాలు మామా చెప్పింది. అలవాటైపోయింది, నాకూ అంతే. కానీ గోంగూర కట్టక్కూడా ముదీర్ ఎందుకండీ?"

"నేనే పంపానండి. నేనే వేశాను, నేనే కోశాను. సరేనా?"

"ఇప్పటికి ఒక్క నిజం వచ్చింది. కూర్చోండి ఆ స్టూలు మీద. మజ్జిగ తాగుతారా?"

"వద్దండి. నేను తప్పు చేశాను. ఖాజా హుస్సేన్ తిట్టాడు."

"ఆయనెవరు మధ్యలో?"

"నా రూమ్మేటండి. కడప. మొన్న కార్నేషన్ల వరసకి నీళ్ళు పెడుతుంటే ఎందుకురా ఇవి అన్నాడు. నోరు జారి చెప్పేశాను. 'ఒరే, ఆయమ్మను ఒక్క మాట అడగకుండా ఆయమ్మ చేతిలో నిశ్చితార్థం పెట్టినావా? ఆయమ్మకు తెలిస్తే నీ ముఖం చూస్తాదా?' అన్నాడు. ఆ రోజు అన్నం సహించలేదండి. నిజమే కదా. మీరు నమ్మకంగా చెయ్యి చాపారు, నేను అందులో అబద్ధం పెట్టాను. ఇప్పుడది పది మంది ముందు గోడకెక్కుద్ది. మొగుడు పోయినావిడ పెళ్ళి కుదిరిందని చెప్పుకుంటుంది అనుకుంటారు. అందుకే ఐవీ తెచ్చాను. మేడమ్‌కి చెప్పి మార్పించండి. ఇక వచ్చే వారం నుంచి నేను రాను. కూరగాయల బండి తోలే డ్రైవర్ తెచ్చిస్తాడు, పువ్వు అడిగితే."

"మీరు రారా?"

"ఏ ముఖం పెట్టుకుని వస్తానండి?"

"ఇప్పుడు తెచ్చుకున్నదే. అది బాగానే ఉంది, చెమటలు తుడుచుకుంటే చాలు."

"ఎటకారం ఆపండి, మీకు దణ్ణం పెడతాను!"

"మెల్లగా. మేడమ్ వింటుంది. అయినా కార్నేషన్ అంటే ఏంటో మా అత్తగారికెలా తెలుస్తుందండీ? ఆవిడ పోలండ్ చరిత్ర చదివినట్టు నాతో ఎప్పుడూ అనలేదే. ఆ పువ్వుకి అర్థం తెలిసినవాళ్ళు ఈ కువైట్‌లో నలుగురుంటారేమో."

"నలుగురా? మేడమ్, నేను, ఖాజా. ముగ్గురే కదండి."

"ఇందాక మేడమ్ చెప్పింది కదా నాకు. నాలుగు."

"ఆఁ, అవునవును."

"మీకో సంగతి చెప్తాను. ఎటకారం కాదు, వినండి. మా ఆయన పోయిన రోజు తల్లో పువ్వులు తీసేశారు. ఆ తర్వాత నేను పువ్వు ముట్టుకోలేదు. ఈ ఇంటి నిండా పువ్వులే, రోజూ నీళ్ళు మార్చేది నేనే, ఒక్కసారి కూడా ముక్కు దగ్గర పెట్టుకోలేదు. ఎవరూ చూడరు, ఎవరూ అనరు, అయినా పెట్టుకోలేదు. ఆ శుక్రవారం మీరు తెచ్చింది మేడమ్ నా వేళ్ళ మధ్య పెట్టి, 'ముఖానికి దగ్గరగా పట్టుకో' అంది. లవంగం వాసనండి దానికి. మా అమ్మ తాంబూలంలో పెట్టుకునే లవంగం. నాకు ఏడుపాగలేదు. ఆవిడ ఓదార్చకుండా గబగబా గీసేసుకుంది, మహాతల్లి. బొమ్మలో కళ్ళు తడిగా ఉన్నాయి చూశారా, అందుకు."

"చూశానండి. నేనేదో రంగు మెరుపనుకున్నాను. అయ్యో. అయితే నేను మిమ్మల్ని ఇంకా ఎక్కువ బాధపెట్టానన్నమాట. వెంటనే గీకించేయమనండి. అడగండి మేడమ్‌ని, ఇప్పుడే!"

"మీ తలకాయలోకి ఏదీ ఎక్కదు కదా. సరే, అడుగుతాను. ఇక్కడే ఉండండి."

"ఉంటానండి."

"...వీల్లేదంది."

"ఎందుకండి?"

"రంగు ఆరి గట్టిపడిపోయింది. పువ్వు గీకితే వేళ్ళు కూడా ఊడొచ్చేస్తాయట. నేను మొండిచేత్తో ఐవీ పట్టుకోవాలట. మీకది నచ్చుతుందా అని అడిగింది."

"ఎప్పుడారిపోయిందండి? బొమ్మ ఇంకా పూర్తి కాలేదు కదా? పువ్వు వాడిపోతోంది, వేరేది కావాలని ప్రతి గురువారం మీరు ఫోన్ చేస్తుంటే!"

"మేడమ్ అడగమంది, అడిగాను. పనిమనిషిని, చెప్పమన్నది చెప్తాను. నన్నడిగితే ఎలా?"

"అదీ నిజమేలెండి."

"మేడమ్ మిమ్మల్ని ఇంకో మాట కూడా అడగమంది."

"ఏంటండి?"

"ఈ తీగ మనసు మారి తెచ్చారా, భయపడి తెచ్చారా అని."

"మేడమ్‌కి ఇవన్నీ ఎందుకండి?"

"రెండు నెలలు నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది కదా, దాంతోపాటు కాస్త మీ ముఖం కూడా చూసుంటుంది. జవాబు చెప్పండి, ఆవిడ ఎదురుచూస్తోంది."

"భయపడేనండి."

"ఎవరికి? మా అత్తగారికా?"

"మీకు."

"నాకా! నేనేం చేస్తాను మిమ్మల్ని, చీపురు తిరగేస్తానా?"

"మీరు కాదంటారేమోనని. మనిషినడిగితే కాదంటుంది. బొమ్మయితే అనదు కదండి, పట్టుకునే ఉంటుంది. మీరు కాదంటే... శుక్రవారం లేదు, ఈ తలుపు లేదు, గోంగూర కూడా పుచ్చుకోరు. నాకు వారంలో ఉన్నది ఈ అరగంటేనండి. మా ఆవిడ వెళ్ళిపోయి ఎనిమిదేళ్ళు. కోర్టు కాగితాలు కూడా వచ్చేశాయి, మీకు చెప్పానో లేదో..."

"నాలుగుసార్లు చెప్పారు. ఒకసారి కరివేపాకు ఇస్తూ, రెండుసార్లు ఆనపకాయ ఇస్తూ, ఒకసారి ఏమీ ఇవ్వకుండానే. ఆనపకాయకీ విడాకులకీ సంబంధమేంటా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను."

"ఆలోచించారా?"

"మేడమ్ అడుగుతోంది, మనిషినడిగితే కాదంటుంది అన్నారే, ఆ అడగాల్సిన మాట ఏంటట?"

"ఇప్పుడెప్పుడడిగిందండి? మీరు ఇక్కడే ఉన్నారు కదా!"

"ఇందాకే అడిగింది. వరసలో చెప్తున్నాను."

"అది మీతో చెప్పలేనండి. నా వల్ల కాదు. మేడమ్‌తోనే చెప్పేస్తాను. ఇంగ్లీషులో అయితే ఆ మాటకి అంత సిగ్గుండదు. ఆవిడ నిదానంగా మీకు చెప్తుంది. ఒక్కసారి బయటికి పిలవండి."

"మీరే పిలవండి. నోరుంది కదా."

"కోప్పడదు కదా?"

"కోప్పడదు. గ్యారంటీ నాది."

"మేడమ్... మేడమ్! ఎక్స్‌క్యూజ్ మీ మేడమ్! ...పలకట్లేదేంటండి?"

"మీ గొంతు సరిపోవట్లేదు. ఇంకా గట్టిగా పిలవండి."

"మేడమ్!! వన్ మినిట్ మేడమ్!!"

"ఇంకా గట్టిగా, ఇంకా. పోలండ్ దాకా వినపడాలి కదా."

"పోలండా?"

"బొమ్మ పట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళి పన్నెండు రోజులైందండి. ఎగ్జిబిషన్ అక్కడ. మీరు ఐవీ బదులు ఎర్ర పువ్వు తెచ్చిన రోజే దాని అర్థం నాకు చెప్పి, వెనక్కి పంపించనా అని అడిగింది. ఉంచమన్నాను."

"అంటే... ఇప్పుడు మీరు లోపలికెళ్ళి అడిగొచ్చింది?"

"ఫ్రిజ్ దగ్గర నిలబడి వచ్చాను. రెండుసార్లూ."

"మరి నిన్న గురువారం, మేడమ్ పువ్వు అడిగిందని ఫోను?"

"నేనే."

"అంతకు ముందు గురువారం?"

"బొమ్మ అయిపోయి ఐదు వారాలైంది. అప్పట్నుంచీ అన్ని గురువారాలూ నేనే. ఇప్పుడు ఆ మాట ఏంటని అడుగుతున్నదీ నేనే. యల్లా, చెప్పండి. తెలుగులోనే చెప్పండి, ఇంట్లో ఇంకెవరూ లేరు."